ఎడమంటే కుడికి పోయిన పడవ

మా గోదావరి జిల్లాల్లో పడవ మునగడం గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడరు. నేనూ మాట్లాడను. కాకపోతే నేను ముంచిన పడవ పొడవు మూడడుగులే. అందులో ఎక్కినవాళ్ళు లేరు, కాలవలో నీళ్ళు నా నడుం దాకా కూడా లేవు. అయినా పట్టపగలు, ఊరి పెద్దమనుషుల ముందు, పిల్లనిచ్చిన మామగారు పక్కన నిలబడి చూస్తుండగా దాన్ని నేను ముంచిన తీరు తలుచుకుంటే ఇవాళ్టికీ నా చెవులు వేడెక్కుతాయి. చదివాక నన్ను తిట్టుకోవాలనిపిస్తే మొహమాటపడకండి. నా భార్య పద్మ ఇరవయ్యేళ్ళుగా ఆ పని మీదే ఉంది. మీరు కొత్తగా తిట్టగలిగింది పెద్దగా మిగల్లేదు.

అప్పటికి నాకు ఇరవయ్యేడేళ్ళు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్కులో ఎలక్ట్రానిక్సు పాఠాలు చెప్పేవాణ్ణి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న రోజులు. పెళ్ళయి ఏడు నెలలైంది. కొత్త అల్లుడికి ఎటూ ఉండే గర్వం ఒకటైతే, సోల్డరింగు పట్టడం వచ్చన్న గర్వం దాని మీద ఇంకో అంతస్తు. అత్తారింట్లో మిక్సీ ఆగిపోయినా, టీవీలో గీతలు వచ్చినా మా అత్తగారు, "అల్లుడుగారు వచ్చాక చూస్తార్లే" అని అట్టేపెట్టేవారు. రెండు మిక్సీలూ ఒక టేప్‌రికార్డరూ బాగుచేసేసరికి, ఈ జిల్లాలో కరెంటు అనేది నన్ను అడిగే తీగల్లోకి వస్తోందన్నంత నమ్మకం నాకు కుదిరిపోయింది.

మా మామగారు వీర్రాజుగారిది కడియం దగ్గర కాలవ గట్టు మీది ఊరు. ఆయన నలభయ్యేళ్ళు కాలవల మీద సరుకు పడవ నడిపిన మనిషి. ధాన్యం, ఇటుకలు, కొబ్బరికాయలు, ఒకసారి పెళ్ళివారి పందిరి సామానుతో పాటు పెళ్ళికొడుకుని కూడా మోసుకెళ్ళారట. లారీలు వచ్చాక కాలవ మీద పడవలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన పడవ కూడా గట్టెక్కి, ఎండకి పగిలి, చివరికి ఎవరి పొయ్యిలోకో వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తేవారు కాదు. అయితే తలుపులు చేయించగా మిగిలిన టేకు ముక్కలు ముందేసుకుని, వీధి అరుగు మీద కూర్చుని, తన పడవనే మూడడుగుల్లో మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు.

ఎనిమిది నెలలు కట్టారు. ఒక కంట్లో శుక్లం ముదిరి ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెబితే, "పడవయ్యాక చూద్దారి" అని వాయిదా వేశారు. చెక్కల సందుల్లో దూది కూరి, గుగ్గిలం పట్టించి, తెడ్లు, తెరచాప కొయ్య, వెనకాల చుక్కాని, ఆ చుక్కానికి చేత్తో పట్టుకునే చిన్న పిడి, అన్నీ అసలు పడవకి ఉన్నట్టే అమర్చారు. చుక్కాని పిడి నా చిటికెన వేలంత ఉండేది. పట్టుకునే చోట నున్నగా అరగదీసి మరీ పెట్టారు, ఏళ్ళ తరబడి అరిచెయ్యి ఆనితే అరిగినట్టు.

ఆ పడవని చూసి నేను అడిగిన మొదటి ప్రశ్న వినండి.

"ఇది ఊరికే తేలుతుందా మావయ్యగారూ?"

"ఆయ్. తేల్తే చాలదాండి?"

"ఈ రోజుల్లో ఊరికే తేలే పడవని ఎవరు చూస్తారండి? నేను మోటార్లు పెడతాను. గట్టు మీద నిలబడి రిమోట్‌తో నడపొచ్చు."

ఆయన చెక్క నునుపు చేస్తున్న ఉప్పుకాగితం పక్కన పెట్టారు. "మనం గట్టు మీదుండి చెప్తే అది ఇంటాదాండి?"

"ఎందుకు వినదండి?"

"ఎటు చెప్తే అటా?"

"ఎటు చెప్తే అటే" అన్నాను, గోదావరి నాకు తోబుట్టువైనట్టు.

ఆయన మొహంలోకి వచ్చిన వెలుగు నా ప్రతిభని చూసి వచ్చిందనుకున్నాను. మళ్ళీ పడవ నడపొచ్చన్న ఆశతో వచ్చిందని తట్టడానికి నాకు బుర్రలో కాస్త ఖాళీ ఉండాలి. అది అప్పట్లో లేదు.

హైదరాబాదులో బొమ్మ విమానాలూ పడవలూ అమ్మే కొట్టు ఒకటుందని తెలిసి, ఒక శనివారం రైలెక్కి వెళ్ళి సామాను తెచ్చాను. రిమోటూ, బ్యాటరీలూ, రెండు ఔట్‌బోర్డు మోటార్లు. అంటే పడవ కడుపులో కాకుండా వెనక చెక్కకి బయట వేలాడే మోటార్లన్నమాట. ఒక్కొక్కటీ బొటనవేలంత లావు, అడుగున చిన్న ఫ్యాను. పడవ ఎటు తిరగాలంటే మోటారే మొత్తంగా అటు తిరుగుతుంది. ఒకటి చాలు కదా అని కొట్టువాడు కూడా అన్నాడు. ఒక మోటారు పెట్టే అల్లుడు ఎక్కడైనా దొరుకుతాడు. నేను రెండు కొన్నాను.

రెండు మోటార్లు పట్టాలంటే పడవ వెనక చుక్కాని అడ్డం. "ఇది తీసేయాలండి" అన్నాను.

మామగారు దాని వంక ఒక నిమిషం చూశారు. "తీసెయ్యండి బాబూ. మీకు తెలుస్తాది కదా" అన్నారు. నేను రంపం బ్లేడుతో కోసేశాను. పద్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఊడదీయొచ్చు కదండీ, కోయడమెందుకు?" అంది. "టైమ్ వేస్టు" అన్నాను. ఈ రెండు ముక్కల జవాబు తరవాత మా ఇంట్లో ఎన్ని వందల సార్లు నాకే తిరిగొచ్చిందో చెప్పను.

ఇక స్టీరింగు. రిమోట్ మీద వేలితో కదిపే పుల్ల ఒకటి ఉంటుంది. పడవలో అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని సర్వో అంటారు. పుల్ల ఎటు తోస్తే సర్వో చెయ్యి అటు తిరుగుతుంది. ఆ చెయ్యిని మోటారుకి కడితే మోటారు తిరుగుతుంది. ఇంతే సంగతి. నేను దీన్ని ఇంతటితో వదల్లేదు. రెండు మోటార్లకి రెండు సర్వోలు పెట్టి, అవి అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా చూసుకునేలా బిగించాను. చూడ్డానికి అందంగా ఉంటుందని. తీగలు రెండూ ఒకచోట కలిపాను.

అరుగు మీద మొదటి పరీక్ష. మామగారి పక్కన అబ్బులుగారు కూర్చున్నారు. ఆయన మామగారి పడవని ముప్పయ్యేళ్ళు గెడకర్ర వేసి తోసిన మనిషి. కాలవ పక్కనే ఇల్లు. నేను పుల్ల ఎడమకి తోశాను. ఒక మోటారు ఎడమకి తిరిగింది, రెండోది కుడికి తిరిగింది. పుల్ల కుడికి తోశాను. ఈసారి రెండూ మొహం మొహం పెట్టుకుని ఆగిపోయాయి.

అబ్బులుగారు చుట్ట నోట్లోంచి తీసి, "ఈ రెండింటికీ మాటల్లేవాండి?" అన్నారు.

"సెట్టింగు చెయ్యాలండి" అన్నాను.

"నాకు తెలీక అడుగుతానండి, రెండెడ్లకీ ఒకటే కాడి కదా. వీటికీ అడ్డంగా ఓ కాడి ఏసేస్తే రెండూ ఒక్కలాగే తిరుగుతాయేమో. అప్పుడు ఆ పెట్టి కూడా ఒకటే సరిపోద్ది."

నేను నవ్వాను. ఎలాంటి నవ్వంటే, చదువుకున్నవాడు చదువుకోనివాడి మీద దయ చూపించేటప్పుడు నవ్వే నవ్వు. "ఇది ఎడ్లబండి కాదండి అబ్బులుగారూ" అన్నాను. ఆయన చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నారు.

రెండు ఆదివారాలు ఆ సర్వోలతో కుస్తీ పట్టాను. ఎన్ని తీగలు మార్చినా అవి పంపకాలు తెగని అన్నదమ్ముల్లాగే ఉన్నాయి. మూడో ఆదివారం అందరూ భోజనాలు చేసి నడుం వాల్చాక, ఎవరూ చూడకుండా ఒక సైకిలు చక్రం ఊచ కోసి, రెండు మోటార్ల పిడులనీ అడ్డంగా కలిపి, ఒక సర్వో పీకేసి, రెండో సర్వో చెయ్యిని ఆ ఊచకి కట్టాను. రెండు మోటార్లూ జోడెడ్లలా ఒక్కసారే తిరిగాయి. సాయంత్రం అబ్బులుగారు వచ్చి చూసి, "కాడి ఏశారాండి?" అన్నారు.

"ఇది టై బార్ అండి. వేరే" అన్నాను.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వచ్చాం. కాస్త నెమ్మదిగా వినండి, నాకే అప్పుడు అర్థం కాలేదు. మోటారు పిడి పడవ లోపలికి ఉంటుంది, ఫ్యాను బయట నీళ్ళలోకి ఉంటుంది. మధ్యలో ఇరుసు. పిడి ఎడమకి వెళితే ఫ్యాను కుడికి వెళుతుంది, పడవ కూడా కుడికే తిరుగుతుంది. నేను పడవలోకి తొంగిచూస్తూ పుల్ల ఎడమకి తోశాను. లోపల కాడి ఎడమకి వెళ్ళింది. కుడికి తోశాను. కుడికి వెళ్ళింది. "పర్‌ఫెక్ట్" అన్నాను. బయట ఫ్యాన్లు ఎటు వెళుతున్నాయో తలెత్తి చూడలేదు. పెరట్లో నీళ్ళతొట్టెలో వేసి చూశాను కానీ, తొట్టె నాలుగడుగులు, పడవ మూడడుగులు. అందులో తిరగడానికి ఏముంది? ఫ్యాన్లు నురగ కొట్టాయి, అత్తగారి చీర తడిసింది, పరీక్ష పాసైపోయింది.

జూన్‌లో కాలవకి నీళ్ళు వదిలారు. ఎండాకాలమంతా కాలవలు కట్టేసి ఉంచుతారు కదా, మొదటి నీళ్ళు వచ్చిన రోజంటే పడవవాళ్ళకి ఒకప్పుడు పండగట. ఆ నీళ్ళలోనే పడవ దింపాలని మామగారి కోరిక. ఉదయం పదింటికి రేవు దగ్గరికి వెళ్ళేసరికి, అబ్బులుగారు వెంటేసుకొచ్చిన పాత పడవవాళ్ళు నలుగురు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒకాయన చేతికర్ర పట్టుకుని పక్క ఊరి నుంచి నడిచొచ్చాడు. మామగారు ఉతికిన పంచె కట్టి, తల దువ్వుకుని, పడవ ముక్కుకి పసుపూ బొట్టూ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. తరవాత జేబులోంచి తాడు తీశారు.

"మొదటిసారి కదండీ అల్లుడుగారూ. ఎనకాల ఓ తాడు కడదారండి. కాలవకి లాగుడుంటాది."

"రిమోట్ ఉండగా తాడేంటండి మావయ్యగారూ" అన్నాను. నలుగురూ వినేలా అన్నాను. ఆయన తాడు మడిచి జేబులో పెట్టుకున్నారు.

పడవ దింపాం. మొదటి పాతిక గజాలు అది వెళ్ళిన తీరు చూడాల్సింది. తిన్నగా, నీటిని రెండుగా చీల్చుకుంటూ, వెనక రెండు తెల్లటి గీతలు వదులుతూ వెళ్ళింది. మెట్ల మీద ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. చేతికర్ర ఆయన, "వీర్రాజూ, మన పడవేరా" అన్నాడు. మామగారు నా పక్కకి వచ్చి, చెయ్యి పంచెకి తుడుచుకుని, ముందుకి చాపారు.

"ఓసారి ఇవ్వండి బాబూ."

"ఉండండి మావయ్యగారూ. ముందు నేనో రౌండు తిప్పి చూపిస్తాను. ఇందులో కొంచెం టెక్నిక్కుంది."

"ఆయ్, అలాగేనండి" అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

పడవని మా గట్టు వైపు తిప్పుదామని పుల్ల ఎడమకి తోశాను. పడవ కుడికి తిరిగి అవతలి గట్టు వైపు బయల్దేరింది. సరిగ్గా తొయ్యలేదేమోనని ఇంకా ఎడమకి తోశాను. అది ఇంకా కుడికి తిరిగి, గుండ్రంగా చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది.

"ప్రదక్షిణాలు చేస్తందేంటండి?" అన్నారు అబ్బులుగారు.

"వార్మప్ అండి" అన్నాను. నోటికి ఏదొస్తే అది.

అవతలి గట్టు దగ్గర గేదెలు నీళ్ళలో దిగి ఉన్నాయి. పడవ వాటి మీదికి వెళుతోంది. తప్పిద్దామని కుడికి తోశాను. అది ఎడమకి తిరిగి, ఇటు రేవు రాళ్ళ మీదికి వచ్చింది. ఎడమకి తోశాను. మళ్ళీ గేదెల మీదికి వెళ్ళింది. ఒక గేదె దాన్ని చూసి తప్పుకుంది. ఆ కాలవలో ఆ నిమిషానికి దారి తెలిసిన ప్రాణి అదొక్కటే.

మామగారు మళ్ళీ నా పక్కకి వచ్చారు. ఈసారి గొంతు కాస్త గట్టిగా ఉంది. "బాబూ, ఓసారి నా చేతికివ్వండి."

"ఇప్పుడు కాదండి" అని విసుక్కున్నాను. "ఇప్పుడు ప్రమాదంలో ఉన్నాం."

వేగం తగ్గించొచ్చు కదా అని మీరడగొచ్చు. దానికి ఎడమ వేలు కింద వేరే పుల్ల ఉంది, కిందికి లాగితే పడవ ఆగుతుంది. భయపడ్డ మనిషి లాగడు, తోస్తాడు. నేను పూర్తిగా తోశాను. పడవ ఒక్క ఊపున నడిమధ్యకి వెళ్ళి, కాలవ లాగుడు తోడై, వంతెన వైపు పరుగెత్తింది. రిమోట్ ఛాతీకి ఆనించుకుని దాని వెనక గట్టు మీద నేను. కళ్ళు పడవ మీద, కాళ్ళ భారం దేవుడి మీద. గట్టు పక్కనే నర్సరీ. లారీకి ఎక్కించడానికి సంచుల్లో రోజా మొక్కలు వరసగా పేర్చి ఉంచారు. ఆ సంగతి వాటిలో పడ్డాక తెలిసింది.

మొక్కలు మోస్తున్న ఆడకూలీలు నలుగురు గంపలు దించారు. ఒకావిడ, "ఎవరండీ బాబూ, మిమ్మల్ని తరుముతున్నారు?" అంది.

"పడవ" అన్నాను, ముల్లు పీక్కుంటూ.

"పడవ ముందుంది కదండీ" అందావిడ, అనుమానంగా.

లేచేసరికి పడవ వంతెన దగ్గరికి చేరింది. మధ్య స్తంభం కుడి పక్క నుంచి వెళ్ళనివ్వాలని పుల్ల కుడికి తోశాను. ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. టేకు చెక్క రాతికి తగిలిన చప్పుడు నాకు మాత్రం చెప్పాలని లేదు. ముక్కు పగిలింది. పసుపు బొట్టు ఉన్న చెక్క ముక్క విడిగా తేలుతూ వెళ్ళిపోయింది. పడవ నీళ్ళు తాగి, బ్యాటరీల బరువుకి వెనక్కి ఒరిగి, మోటార్లు బుడబుడమంటూ ఉండగానే కిందికి దిగిపోయింది.

ప్యాంటుతోనే దూకాను. బురదలో తడిమి తడిమి పడవని పైకి తెచ్చాను. మోటారు ఒకటి ఊడి ఎటో పోయింది. ముసలాళ్ళు వచ్చేసరికి రెండు చేతుల్లో పడవ పట్టుకుని నీళ్ళోడుతూ నిలబడ్డాను. అందరూ పగిలిన ముక్కునే చూస్తున్నారు. నవ్వినా బాగుండేది.

మామగారు పడవ అందుకుని, పగిలిన చోట వేలితో రాసి, వాళ్ళ వైపు తిరిగి అన్నారు. "చెక్క పాతదిరా. తలుపులు చెయ్యగా మిగిలింది కదా. నిలబళ్ళేదు. అల్లుడుగారు బానే తిప్పారు."

ఆ మాటకి అవునని తలూపిన నలుగురు మర్యాదస్తుల్ని నేను ఈ జన్మలో మరిచిపోను.

ఇంటికొచ్చాక అత్తగారు తువ్వాలు ఇచ్చారు, కాఫీ ఇచ్చారు. పద్మ ఏమీ ఇవ్వలేదు. అరుగు మీద కూర్చుని, మిగిలిన ఒక్క మోటారుకి వేరే బ్యాటరీ తగిలించి పుల్ల కదిపాను. అప్పుడు చూశాను ఫ్యానుని. పుల్ల ఎడమకి, ఫ్యాను కుడికి. ఇంకోసారి కదిపాను. మళ్ళీ అంతే. కాసేపటికి మామగారే వచ్చి పక్కన కూర్చున్నారు.

"మావయ్యగారూ, చెక్క తప్పు కాదండి. తప్పు నాదే. పుల్ల ఎడమకి తోస్తే పడవ కుడికి వెళ్ళేలా కట్టాను. తిరగేసి కట్టాను."

"ఆయ్. తెలుసండి."

"ఎప్పుడు తెలిసిందండి?"

"గేదెల కాడికి ఎల్లినప్పుడు. మీ ఏలు చూశాను, పడవ చూశాను. అందుకే కదండీ ఇమ్మన్నాను."

"మీకిస్తే మాత్రం తిరగేసి ఉన్నదాన్ని ఎలా నడిపేవారండి?"

ఆయన నా వంక కాస్త ఆశ్చర్యంగా చూశారు. "చుక్కాని అంతే కదండీ బాబూ. పిడి ఎడమకి తోస్తే పడవ కుడికి పోద్ది. కుడికి తోస్తే ఎడమకి పోద్ది. నలబయ్యేళ్ళు నేను నడిపింది అలాగే కదా." ఆపైన మెల్లగా అన్నారు. "నాకు అలవాటని, మీరు నాకోసరమే అలా కట్టారనుకున్నానండి."

నా జీవితంలో నేను చేసిన పనుల్లో అంత సరిగ్గా కుదిరిన పని ఇంకోటి లేదు. ఆ పడవని నడపగలిగిన మనిషి ఆ గట్టు మీద ఒక్కడే ఉన్నాడు. రెండుసార్లు అడిగాడు. రిమోట్ నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ నెలలోనే ఆయన కంటి ఆపరేషన్ చేయించుకున్నారు. చూపు బాగా వచ్చింది. కొత్త చెక్క తెస్తానన్నాను, మోటారు లేకుండానే చేద్దామన్నాను. "చూద్దార్లెండి" అనేవారు. చెయ్యలేదు. పగిలిన పడవలో మా అత్తగారు మట్టి నింపి కొత్తిమీర వేశారు. పచ్చగా, గుబురుగా వచ్చింది. అత్తారింట్లో పప్పుచారు తిన్న ప్రతిసారీ ఆ కొత్తిమీర ఏరి కంచం పక్కన పెట్టేవాణ్ణి. ఆరేళ్ళ తరవాత మామగారు పోయారు.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి సమక్షంలో, కాలవ వైపు తిరిగి, కుడి చెయ్యి గుండె మీద వేసుకుని (ఈసారి కుడో ఎడమో రెండుసార్లు సరిచూసుకునే వేశాను) ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పెద్దమనిషి "ఓసారి ఇవ్వండి బాబూ" అన్నా, అది రిమోటయినా, కారు స్టీరింగయినా, చివరికి నేను సగం చదివిన పేపరయినా, టెక్నిక్కుల గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా చేతిలో పెట్టేస్తాను. ఈ ప్రమాణం చాలా ఏళ్ళ కిందటే మనసులో చేసుకున్నాను, ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు. నిజం చెప్పాలంటే తప్పే అవకాశమూ రాలేదు. నన్ను అంత మర్యాదగా, రెండోసారి కూడా అడిగినవాళ్ళు ఆయన తరవాత ఎవరూ లేరు.